నరం దొరకడం లేదని భయపడుతున్న చెల్లెకు

హన్మకొండలో ఒక ల్యాబులో కొత్తగా చేరిన చెల్లె అడిగిన ప్రశ్న ఇది: "డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) అయిపోయింది. మూడు నెలల నుంచి శాంపిళ్లు తీస్తున్నాను. నరం తొందరగా దొరకదు, చేతులు వణుకుతాయి. తీసినవాటిలో కూడా కొన్ని హిమోలైజ్ అయ్యాయని, అంటే ఎర్రకణాలు పగిలిపోయాయని, వెనక్కి పంపిస్తున్నారు. ఏ సూది వాడాలి, ఏ ట్యూబు ముందు నింపాలి, ఎవరిని అడిగినా చూసి నేర్చుకో అంటున్నారు. అసలు ఈ పని నాకు వస్తుందా?"

చెల్లె, ముందు నీ చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను. తప్పకుండా వస్తుంది. నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై రెండేళ్లు. మొదటి నాలుగు నెలలు పొద్దున లేవగానే గుండె దడదడలాడేది. ఆరున్నరకే పరగడుపున వచ్చి కూర్చున్న షుగర్ పేషెంట్ల వరుసను చూస్తే అరచేతులకు చెమట పట్టేది. తర్వాత ఏం చేయాలో ఖాయంగా తెలియనప్పుడే చెయ్యి వణుకుతుంది. పని వరుస ఒంటబడితే వణుకు దానంతటదే పోతుంది.

నరం దొరకబుచ్చుకోవడం కూడా కొన్నాళ్లకు వచ్చేస్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగించింది హిమోలైజ్ అయిన శాంపిళ్ల సంగతి. పేషెంటు సూది నొప్పి ఓర్చుకుని రక్తం ఇచ్చాడు, అది పనికిరాకుండా పోయింది. వెనక్కి వచ్చినవి కనీసం దొరికిపోయాయి. పాడైన శాంపిల్ ఎవరి కంటా పడకుండా మెషీన్లోకి వెళ్లి రిపోర్టుగా బయటికి వస్తే, దాన్ని చూసి డాక్టరు మందు రాస్తారు. మెషీన్ దాని ముందు పెట్టిన రక్తాన్ని కొలుస్తుందే తప్ప, ఆ రక్తం ఎట్లా తీశారో దానికి తెలియదు. రిపోర్టు సగం పేషెంటు చేతి దగ్గరే తయారవుతుందని మా దగ్గర చేరినవాళ్లకు మొదటి రోజే చెప్తాను.

సూది పట్టుకునే ముందు పేరు అడగాలి. మన వరంగల్ వైపు ఇది ఎంత ముఖ్యమో ఒక్క రోజు రిజిస్టర్ తిరగేస్తే తెలుస్తుంది. సమ్మయ్యలు, సారయ్యలు, కొమురయ్యలు, రాజమ్మలు. ఒకే పొద్దున ఇద్దరు సమ్మక్కలు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న రోజులు నాకు ఎన్నో. "నీ పేరు సమ్మయ్యనా?" అని అడిగితే చెవులు సరిగా వినపడని పెద్దాయన "ఊ" అంటాడు. ఆయన రాజయ్య అయినా ఊ అనే అంటాడు. అందుకే పేరు మనం చెప్పొద్దు, వాళ్లతోనే చెప్పించాలి. "పెద్దనాయినా, నీ పేరేంది? ఏ ఊరు? వయసెంత?" అని అడిగి, చెప్పింది చీటీతో సరిచూసుకోవాలి. లేబుల్ మాత్రం రక్తం తీశాక, పేషెంటు ఇంకా ఎదురుగా కూర్చుని ఉండగానే అంటించాలి. ముందే పేర్లు రాసిపెట్టుకున్న ఖాళీ ట్యూబులు ట్రేలో అటూ ఇటూ కలిసిపోతాయి. షుగర్ రిపోర్టు మారితే మళ్లీ తీయొచ్చు. రక్తం ఎక్కించడానికి గ్రూపు చూసే శాంపిల్ మారితే మనిషే పోవచ్చు.

ఇక నరం. మనవైపు అందరూ నరం అంటారు కానీ మనం సూది పెట్టేది సిరలోకి. స్పర్శను మోసే అసలు నరం వేరే. ఈ తేడాతో నీకు పనుంది. మోచేతి మడతలో మూడు సిరలు చూడాలి. నడిమధ్యలో అడ్డంగా వచ్చేది మీడియన్ క్యూబిటల్. లావుగా ఉంటుంది, ఎక్కువ కదలదు, నొప్పి తక్కువ. ఎప్పుడూ మొదట దాన్నే వెతుకు. అది దొరకకపోతే బొటనవేలి వైపు పోయే సెఫాలిక్. లావుపాటి వాళ్లలో చాలాసార్లు ఇదే ఆదుకుంటుంది. చిటికెనవేలి వైపుండే బేసిలిక్ పైకి బాగా కనబడి ఆశ పెడుతుంది గానీ, దాని పక్కనుంచే బ్రేకియల్ ధమని, మీడియన్ నరం పోతుంటాయి. మొదటి ఏడాది దాని జోలికి పోకు. సూది దిగగానే పేషెంటు "అమ్మా, వేళ్లదాకా కరెంటు కొట్టినట్టయింది" అంటే నరానికి తగిలిందని అర్థం. ఒక్క క్షణం ఆలోచించకుండా, సిర తేలడానికి చేతికి బిగించి కట్టిన పట్టీ విప్పి సూది తీసెయ్. ఎర్రగా, నిగనిగలాడుతూ, కొట్టుకుంటున్నట్టు రక్తం ఎగదన్నితే ధమని. అప్పుడూ వెంటనే తీసి, కనీసం ఐదు నిమిషాలు నీ చేత్తోనే గట్టిగా ఒత్తిపట్టుకో, రక్తం పూర్తిగా ఆగిందని చూశాకే వదులు. రెండింటిలో ఏది జరిగినా డాక్టరుకు చెప్పు.

సిరను కంటితో వెతకొద్దు, వేలితో వెతకాలి. నీలంగా కనబడేవన్నీ మంచివి కావు, మంచివన్నీ కనబడవు. చూపుడు వేలి కొసతో మెల్లగా నొక్కి వదులు. సిర అయితే స్పాంజిలా కిందికి పోయి మళ్లీ పైకి తేలుతుంది. నొక్కినా గట్టిగా తాడులా తగిలితే అది స్నాయువు. వేలి కింద కొట్టుకుంటే ధమని. నేను నేర్చుకునేటప్పుడు ఇంట్లో టీవీ చూస్తూ మా అమ్మ చేతిని, నా చేతిని కళ్లు మూసుకుని తడుముతూ ఉండేదాన్ని. నువ్వూ రోజుకు పది చేతులు తడిమి చూడు, సూది లేకుండా. నెలలో నీ వేలికి తెలివి వస్తుంది.

పట్టీ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సూది పెట్టే చోటుకు మూడు నాలుగు వేళ్ల పైన కట్టాలి, ఒక్క నిమిషానికి మించి ఉంచొద్దు. కట్టేసి ట్యూబులు వెతుక్కోవడానికి పోతే ఆ లోపు సిరలోని నీరు బయటి కణజాలంలోకి దిగి రక్తం చిక్కబడుతుంది. ప్రొటీన్లు, కాల్షియం, హిమోగ్లోబిన్ లేనంత ఎక్కువగా కనబడతాయి. వెతకడానికే నిమిషం పట్టిందంటే విప్పేసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ కట్టు. పిడికిలి ఒకసారి బిగించమంటే చాలు. "మూస్తూ తెరుస్తూ ఉండండి" అనకు, పొటాషియం పెరుగుతుంది. సిర తేలడానికి చేతిని చెంపదెబ్బ కొట్టినట్టు కొట్టేవాళ్లున్నారు, అదీ వద్దు. చలికాలం పొద్దున చేతులు బిగుసుకుపోయి వస్తారు. గోరువెచ్చని బట్ట రెండు మూడు నిమిషాలు చుట్టి, చేతిని కిందికి వేలాడదీయిస్తే సిర పైకి వస్తుంది. పరగడుపు అంటే నీళ్లు కూడా తాగొద్దనుకుని ముందు రోజు రాత్రి నుంచీ నాలుక తడుపుకోకుండా వచ్చే ముసలివాళ్లుంటారు. మామూలు షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలకు మంచినీళ్లు తాగొచ్చని ముందే చెప్పు. నీళ్లు తాగినవాళ్ల సిర దొరకడం నీకూ సులువే.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ అన్నల చేతులు చూశావా? సిరలు తాళ్లలా పైకి తేలి ఉంటాయి. చూస్తే ఇంకేముంది అనిపిస్తుంది. సూది పెట్టగానే పక్కకు జారిపోతాయి. అటువంటివాళ్లకు నీ ఎడమచేతి బొటనవేలితో గుచ్చే చోటుకు అంగుళం, అంగుళంన్నర కింద చర్మాన్ని కిందికి లాగి పట్టుకోవాలి. చర్మం బిగిస్తే సిర బిగుస్తుంది. ముసలమ్మల చేతుల్లో చర్మం కాగితంలా పలచబడి ఉంటుంది, అక్కడా ఇదే పద్ధతి, కాకపోతే లాగడం మెత్తగా, పట్టీ బట్ట మీద నుంచి.

డయాలసిస్ పేషెంటుకు ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోటు) ఉన్న చేతిని ముట్టుకోవద్దు. దాని మీద వేలు పెడితే జుమ్మని అదురు తెలుస్తుంది, ఆ చెయ్యి వాళ్లకు ప్రాణం. రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చెయ్యి, సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కూడా అంతే. సెలైన్ పైన తీసిన రక్తంలో అది కలిసిపోయి సోడియం, షుగర్ తప్పుగా వస్తాయి.

సూదికి వస్తే, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని నీకు తెలుసు. 21 ఆకుపచ్చ, 22 నలుపు, 23 నీలం, 24 ఊదా, 26 గోధుమ రంగు. పెద్దవాళ్లకు మామూలుగా 21 లేదా 22. సన్నటి సిరలకు, పిల్లలకు 23 నంబరు సీతాకోకచిలుక సూది, మనం స్కాల్ప్ వెయిన్ అంటామే, అది. నొప్పి తక్కువ ఉంటుందని పెద్ద సిరలకు కూడా 24, 26 వాడటం, ఆపైన పిస్టన్‌ను గట్టిగా వెనక్కి లాగడం, ఇదీ నీ శాంపిళ్లు హిమోలైజ్ కావడానికి నేను మొదట అనుమానించేది. ఎర్రకణాలు ఆ సన్నని దారిలో ఒరుసుకుని పగిలిపోతాయి. సిరంజీ కవరు మీద నంబరు చదువు. లాగేటప్పుడు రక్తం ఎంత వేగంగా వస్తుందో అంతే వేగంగా లాగు.

రెండో అనుమానం స్పిరిట్. 70 శాతం ఆల్కహాల్ దూదితో తుడిచాక పూర్తిగా ఆరాలి. అరనిమిషం. ఊదకూడదు, పొడి దూదితో తుడవకూడదు, మళ్లీ వేలితో తడమకూడదు. తడి మీదే గుచ్చితే పేషెంటుకు భగ్గుమని మండుతుంది, స్పిరిట్ లోపలికి పోయి కణాలనూ పగలగొడుతుంది. మూడోది, సిరంజీలోంచి ట్యూబులోకి పిస్టన్ నొక్కి చిమ్మడం. దీనికి ట్రాన్స్‌ఫర్ డివైస్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టంలాంటిది వస్తుంది, మీ దగ్గర ఉంటే అదే వాడు. లేకపోతే ట్యూబును చేత్తో పట్టుకోకుండా స్టాండులో నిలబెట్టి, మూతలోకి సూదిని దించి వదిలెయ్. ట్యూబులో వాక్యూమ్ ఉంటుంది కదా, తనకు కావలసినంత తానే గుంజుకుంటుంది. మీ ల్యాబులో హోల్డరు, రెండువైపులా మొనలుండే వాక్యూమ్ సూదులు ఉంటే మాత్రం అదే నేర్చుకో. రక్తం సిర నుంచి నేరుగా ట్యూబులోకి పోతుంది, ఒకే గుచ్చుతో నాలుగు ట్యూబులు నింపొచ్చు, నీ వేలికి గుచ్చుకునే భయమూ తగ్గుతుంది.

గుచ్చేటప్పుడు సూది మొన మీద ఏటవాలుగా కోసిన వైపు ఆకాశాన్ని చూడాలి. చర్మానికి 15 నుంచి 30 డిగ్రీల వాలులో, సాగదీయకుండా ఒక్క ఊపులో పోనివ్వు. చర్మం దాటగానే ఒక చిన్న తెగినట్టు, తర్వాత బిగువు వదిలినట్టు వేళ్లకు తెలుస్తుంది. ఆ వదులు తెలిసిన చోటే ఆగాలి. రక్తం రాకపోతే సూదిని కొద్దిగా ముందుకో వెనక్కో జరిపి చూడొచ్చు. లోపలే పక్కలకు తిప్పుతూ కెలకడం మాత్రం వద్దు. రెండుసార్లు ప్రయత్నించి రాకపోతే సీనియర్‌ను పిలువు. అందులో చిన్నతనం ఏమీ లేదు, నేను ఇప్పటికీ పక్కవాళ్లను పిలుస్తాను.

ట్యూబుల వరుస గురించి అడిగావు. దీనికి నేను పడ్డ దెబ్బే చెప్పాలి. చేరిన కొత్తలో, ఒక ప్రైవేటు ల్యాబులో, నర్సంపేట వైపు నుంచి వచ్చిన యాభై ఏళ్ల ఆవిడకు శాంపిల్ తీశాను. ముందు ఊదా మూత ట్యూబు నింపాను, కొంచెం ఎక్కువైందని అందులోంచే కాస్త ఎర్ర మూత ట్యూబులో పోశాను. రక్తం రక్తమే కదా అనుకున్నాను. సాయంత్రం రిపోర్టులో పొటాషియం 7.8, కాల్షియం మరీ అడుగున. ఆ పొటాషియంతో గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చని డాక్టరు గారు కంగారుపడి ఇంటికి ఫోన్ చేయించారు. ఆమెను రాత్రికి రాత్రి ఆటోలో తీసుకొచ్చారు. కొడుకు ఏడుస్తున్నాడు. ఈసీజీ మామూలుగా ఉంది. మళ్లీ తీసిన శాంపిల్‌లో పొటాషియం 4.3. ఊదా మూత ట్యూబులో ఉండేది పొటాషియం ఈడీటీఏ. అది కాల్షియాన్ని పట్టేసుకుని రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, పొటాషియం దాంట్లోనే ఉంది. నేను కలిపింది ఆ ఉప్పే. ఆ కొడుకు మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి తర్వాత ఒక ట్యూబులోది ఇంకో ట్యూబులో ఎన్నడూ పోయలేదు.

వరుస ఉన్నది అందుకే, ముందు ట్యూబు మందు తర్వాతి ట్యూబును పాడు చేయకుండా. బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవులున్నాయేమో పెంచి చూసే పరీక్ష) ఉంటే అన్నిటికన్నా ముందు. తర్వాత లేత నీలం మూత, అందులో రక్తం గడ్డకట్టకుండా చేసే సిట్రేట్. ఆ తర్వాత ఎర్ర మూత లేదా పసుపు మూత జెల్ ట్యూబు. ఆపైన ఆకుపచ్చ, అదే పని చేసే హెపారిన్. తర్వాత ఊదా, ఈడీటీఏ. చివరికి బూడిద రంగు, ఫ్లోరైడ్. సిరంజీతో తీసినా ఇదే వరుస పాటించు.

లేత నీలం ట్యూబు గీత దాకా నిండాలి. ఒక పాలు సిట్రేట్‌కు తొమ్మిది పాళ్లు రక్తం, అంటే 0.3 ఎంఎల్ మందుకు 2.7 ఎంఎల్. తక్కువ పోస్తే, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు అబద్ధం చెప్తాయి. స్కాల్ప్ వెయిన్‌తో తీస్తున్నప్పుడు దాని గొట్టంలోని గాలి మొదటి ట్యూబులోకి పోయి రక్తం తక్కువ పడుతుంది. అందుకని ముందు ఒక పారేసే ట్యూబు పెట్టి గొట్టం నిండాక సిట్రేట్ పెట్టు. ఈఎస్‌ఆర్ (ఎర్రకణాలు అడుగుకు దిగే వేగం చూసే పరీక్ష) నల్ల మూతలో కొలత వేరే, నాలుగు పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్. బూడిద రంగు ట్యూబు షుగర్ కోసం. మామూలు ట్యూబులో ఉంచితే రక్తకణాలే గ్లూకోజును తినేస్తూ గంటకు 5 నుంచి 7 శాతం తగ్గించేస్తాయి, ఫ్లోరైడ్ దాన్ని ఆపుతుంది. పరకాల నుంచో ములుగు నుంచో శాంపిల్ వచ్చేసరికి రెండు మూడు గంటలయితే, ఆ తేడాతో షుగర్ ఉన్నవాడు లేనివాడిగా రిపోర్టుకెక్కుతాడు.

ట్యూబు నిండగానే తలకిందులు చేసి మళ్లీ నిలబెట్టడం, అది ఒకసారి లెక్క. ఊదా, బూడిద రంగు ఎనిమిది నుంచి పది సార్లు, లేత నీలం మూడు నాలుగు సార్లు, జెల్ ట్యూబు ఐదారు సార్లు. మెల్లగా, నిద్రపోతున్న పిల్లను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నట్టు. టానిక్ సీసాలా ఆడిస్తే కణాలు పగులుతాయి. జెల్ ట్యూబును వెంటనే, గిరగిరా తిప్పి సీరం వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టకు, అరగంట నిలబెట్టి గడ్డకట్టనివ్వు.

డెంగీ రోజుల్లో ఊదా ట్యూబు కలపడం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వానలు పడ్డాక ఆగస్టు, సెప్టెంబరులో మన దగ్గర జ్వరం వచ్చిన ప్రతి ఇంట్లోనూ ప్లేట్లెట్ల లెక్కే మాట. సూది తిప్పుతూ ఆలస్యంగా తీసినా, ట్యూబు సరిగా కలపకపోయినా అందులో కంటికి ఆనని గడ్డలు పడతాయి. ప్లేట్లెట్లు ఆ గడ్డల్లో చిక్కుకుపోతాయి, మెషీన్ ముప్పై ఎనిమిది వేలు అని చూపిస్తుంది. ఆ అంకె చూసి ఇంటిల్లిపాదీ బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరుగుతారు. మనిషి బాగానే ఉండి అంకె మరీ తక్కువ వస్తే, ముందు ఒక పుల్లతో ట్యూబులో గడ్డ ఉందేమో చూడు, స్లైడు వేసి ప్లేట్లెట్లు గుంపులు కట్టాయేమో చూడమను. కొందరిలో ఈడీటీఏ పడకే గుంపులు కడతాయి. వాళ్లకు సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన లెక్కను 1.1తో గుణిస్తారు.

తీయడం అయ్యాక ముందు పట్టీ విప్పాలి, తర్వాత దూది పెట్టి సూది తీయాలి. పట్టీ ఉండగానే సూది తీస్తే లోపల రక్తం కారి చెయ్యి నల్లగా కముకుతుంది. చెయ్యి మడిచి పెట్టుకోమనడం మన దగ్గర బాగా అలవాటు, అది కూడా కముకుకు దారే. చెయ్యి చాపి, దూది మీద రెండు మూడు నిమిషాలు ఒత్తిపట్టమను. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లయితే ఇంకా ఎక్కువసేపు.

ములుగు నుంచి వచ్చే ఒక పెద్దమ్మ ఎప్పుడూ అనేది, "బిడ్డా, మొన్ననే తీసిండ్రు గద, ఉన్న రక్తమంత మీరే గుంజుకుంటున్నరు" అని. కసురుకోకుండా చెప్పు. మూడు ట్యూబులు కలిపినా రెండు టీస్పూన్లకు మించదు, ఒంట్లో దాదాపు ఐదు లీటర్లు ఉంటుంది, రక్తదానం చేసే పిల్లలు ఒక్కసారే 350 ఎంఎల్ ఇచ్చి నడుచుకుంటూ పోతారు. అర్థమైతే చెయ్యి తానే చాపుతారు. కళ్లు తిరుగుతున్నాయన్నవాళ్లను కుర్చీలోనే ఉంచకు. సూది తీసేసి పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టు. మునుపు ఎప్పుడైనా ఇట్లా అయిందా అని ముందే అడిగి, అయిందంటే పడుకోబెట్టే తియ్.

ఇంటికి వెళ్లి శాంపిల్ తెచ్చే పని కూడా నీకు పడుతుంది. మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది, బండి డిక్కీ అంతకన్నా వేడి. ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో ట్యూబులు నిలువుగా పెట్టు, ఐస్‌కు మాత్రం ఆనించకు. గడ్డ చల్లదనానికి కణాలు పగులుతాయి, సీరం వేరుచేయని రక్తం బాగా చల్లబడితే పొటాషియం బయటికి వస్తుంది. స్పీడ్ బ్రేకర్ల మీద మెల్లగా పో.

సూదికి మళ్లీ మూత పెట్టడం అనే అలవాటు ఈ రోజే మానుకో. వాడిన సూది దాన్ని మొదట్లోనే కత్తిరించే హబ్ కట్టర్‌లోకి, అక్కడి నుంచి గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలోకి. సిరంజీ, గ్లవ్స్, ప్లాస్టిక్ ట్యూబులు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు చెప్పేది ఇదే. ప్రతి పేషెంటుకు గ్లవ్స్ మార్చు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక రోజు గుచ్చుకోవచ్చు. అప్పుడు వేలు పిండకు, బ్లీచింగు పోయకు. సబ్బుతో, పారే నీళ్లతో బాగా కడుగు. ఎవరి సూదో గుర్తుపెట్టుకుని వెంటనే మీ ఇన్‌ఛార్జికి చెప్పి ఆసుపత్రికి పో. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు, 28 రోజులు వాడాలి. అవమానమనుకుని, యజమాని తిడతాడని దాచుకున్నవాళ్లను చూశాను. దాచుకోకు.

హెచ్‌ఐవీ సూదితో అంటుకునే అవకాశం వెయ్యిలో మూడు. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లకు నూటికి ముప్పై దాకా ఉండొచ్చు. టీకా మూడు డోసులు, ఈ రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి. చివరి డోసు అయిన నెల రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకోవాలి. నువ్వు మూడు నెలలుగా శాంపిళ్లు తీస్తున్నానని రాశావు, టీకా సంగతి ఎక్కడా రాయలేదు. వేయించుకోకపోతే రేపు డ్యూటీకి పోయే ముందే మొదటి డోసు వేయించుకో, చెల్లె.